మంచుకొండకి నేనే గురువునన్న వేళ

ఆ రోజుల్లో నాకు "రాదు" అనే మాటకి నోరు తిరిగేది కాదు. ఇరవై ఆరేళ్ళ వయసు, సింగపూర్‌లో కొత్త ఉద్యోగం, ఎవరేం అడిగినా "ఆ, వచ్చండీ" అనేయడం. అలా అన్నవాటిని తర్వాత ఎలాగోలా నేర్చుకుని గట్టెక్కేవాణ్ణి. స్కీయింగ్ ఒక్కటే నన్ను నిలువునా ముంచబోయింది.

తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు పక్క తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో, టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకున్న, అంటే మాదని ఆపుకున్న, టేబుల్ దగ్గర మొదలైందది. లాంగ్ వీకెండ్‌కి కొరియాలో మంచుకొండల మీదికి వెళ్దామన్నది మా టీమ్ లీడ్, రాజమండ్రి మేడమ్. ఆవిడా, వాళ్ళ పదేళ్ళ పాపా, నా రూమ్మేటు నెల్లూరన్నా, టీమ్‌లో మరో ఇద్దరూ, నేనూ. "ఎవరికైనా స్కీయింగ్ వచ్చా?" అని ఆవిడ అడిగితే ఎవరూ పలకలేదు. నేను ఊరుకోవచ్చుగా! "నాకు వచ్చు మేడమ్" అన్నాను. (అప్పటికి నేనెరిగిన మంచల్లా ఫ్రిజ్ పై అరలో పేరుకునేదే.) "అయితే ప్లానింగంతా నీదే. మరి మాకు క్లాసులు బుక్ చెయ్యాలా?" అన్నారు. "ఎందుకండీ, నేనున్నాగా! నేర్పించేస్తా."

టికెట్లు, గదులు, అద్దె బూట్ల సైజులు అన్నీ చకచకా అయిపోయాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళుంటే గురువారం సాయంత్రం అయిదులోగా చెప్పండి, తర్వాత క్లాసుల్లో చోటుండదని రిసార్టు వాళ్ళు మెయిలు పెట్టారు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆదివారం మేడమ్ వాళ్ళింటికి టిఫినుకి వెళ్తే, పాప గులాబీ రంగు హెల్మెట్ పెట్టుకుని సోఫా మీంచి దూకుతోంది. "అంకుల్, యూ టేక్ మీ టు ద వెరీ టాప్, కెన్?" "కెన్, కెన్" అన్నాను. "ప్రామిస్ అహ్! ఐ టోల్డ్ మై హోల్ క్లాస్ ఆల్రెడీ లా!" మేడమ్ నవ్వి, "దీన్ని నీకే అప్పజెబుతున్నా. నాకు ఎత్తంటేనే భయం" అన్నారు.

ఆ సాయంత్రం నుంచే బిషాన్‌లో మా ఫ్లాటులో సాధన మొదలుపెట్టాను. కాళ్ళకి సాక్సులు, చేతుల్లో బట్టలారేసుకునే వెదురు కర్రలు, ఎదురుగా ఫోన్లో వీడియో. నాలుగోరోజు టైల్స్ మీద జర్రున జారి వాషింగ్ మెషీన్‌కి గుద్దుకున్నాను. చప్పుడికి నెల్లూరన్న పరిగెత్తుకొచ్చాడు. "ఏందబ్బయా ఇది?" ఇక దాచలేక, రిసార్టు మెయిలుతో సహా చెప్పేశాను. పడీపడీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నువ్వు పడితే నువ్వు పడతావు. ఆ పిల్ల పడితే? కొండ మీద కాలిరిగితే వాళ్ళమ్మకి ఏం చెప్తావు?" అన్నాడు. మేడమ్‌కి నాలుగుసార్లు మెసేజ్ రాశాను, నాలుగుసార్లూ చెరిపేశాను.

మర్నాడే గురువారం. మధ్యాహ్నం మూడూ నలభై అయిదుకి నెల్లూరన్న నా సీటు దగ్గరికొచ్చి, "చెప్పినావా?" అన్నాడు. "అయిదు దాకా టైముందిగా అన్నా." "ఎవురి అయిదు? కొరియా మనకంటే గంట ముందు గదబ్బయా!" కుర్చీ తోసేసి పరిగెత్తాను. మేడమ్ అద్దాల గదిలో క్లయింటుతో మీటింగులో ఉన్నారు. బయట నిలబడి చేతులూపాను. తర్వాత రమ్మని సైగ చేశారు. గోడ గడియారంలో మూడూ యాభై నాలుగు. తలుపు తోసేశాను. "మేడమ్, నాకు స్కీయింగ్ రాదు!" క్లయింటు పెద్దాయనకి అందులో ఒక్క మాటే అర్థమైంది. "ఓ, స్కీయింగ్! వెరీ నైస్" అంటూ తలాడించాడు.

మేడమ్ ముఖంలో రంగు మారింది. ఆయనకి సారీ చెప్పి బయటికొచ్చి, గడువు సంగతి విని రిసార్టుకి ఫోను చేశారు. పెద్దవాళ్ళ క్లాసులో నాలుగే ఖాళీలు, పిల్లల క్లాసులో రెండు. "మేం నలుగురం పెద్దవాళ్ళ క్లాసు. పాపా, నువ్వూ పిల్లల క్లాసు" అన్నారు. ఫోన్ పెట్టేశాక మెల్లగా, "రాదని ముందే చెప్తే నేనేమైనా అనేదాన్నా? పిల్లని నీ చేతుల్లో పెడదామనుకున్నానే!" అన్నారు. కేకలేసినా బాగుండేది. విమానం దిగేదాకా నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

కొరియాలో, కొండ కింద పిల్లల క్లాసు. పసుపుపచ్చ జాకెట్లలో ఎనిమిదిమంది పిల్లలూ, వాళ్ళ మధ్య తాటిచెట్టులా నేనూ. అందరికంటే ఎక్కువసార్లు పడింది నేనే. ఏడోసారో ఎనిమిదోసారో లేవలేక వెల్లకిలా ఉండిపోతే, పాప అడ్డంగా అడుగులేస్తూ వచ్చి చెయ్యి అందించింది. "నెవర్ మైండ్ లా, అంకుల్. ఐ ఆల్సో స్కేర్డ్." లేవబోయి దాన్నీ పడేశాను. కంచె అవతల పెద్దవాళ్ళ క్లాసులోంచి మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వడం వినిపించింది. ఎన్ని రోజుల తర్వాతో నాకు ఊపిరాడింది.

ఇప్పుడు "రాదు" అనడం నాకు చాలా సులువైపోయింది. ఈత రాదు, పాట రాదు, మా అమ్మాయి ఆడే ఆటలేవీ రావు. అనేసి హాయిగా కుర్చీలో వెనక్కి వాలతాను. ఎప్పుడైనా ఆ మంచులో వెల్లకిలా పడున్నవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడు అబద్ధాలకోరే, కాదనను. కానీ తొమ్మిదోసారి కూడా లేచి నిలబడ్డాడు.