బొట్టు కింద గులాబీ చార

బండి మీద బొట్టు జోలికి పోకూడదన్నది మా మెకానిక్ షెడ్డులో నాన్న పెట్టిన కట్టుబాటు. ఆటోనగర్‌లో మా దగ్గరికి వచ్చే బళ్లలో సగానికి పైగా పసుపు కుంకుమలతోనే వస్తాయి. అద్దం మీద, చక్రాల మీద, ముందు బానెట్ మూత తెరిస్తే రేడియేటర్ మీద కూడా. సాయిబుల షెడ్డులో తుడిచేశారన్న మాట రాకూడదని నాన్న జాగ్రత్త. అది భయమో మర్యాదో ఆయనకే తెలియాలి. "దాని చుట్టూ తిరిగి పని చేసుకో, గుడ్డ తగలనివ్వకు" అనేవాడు. ముప్ఫై ఏళ్లుగా నేనూ అదే చేశాను. కస్టమర్లు చూసి మెచ్చుకుంటే లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెం వల్ల ఒక మనిషి పని పోయింది.

పటమటలో చేపల దుకాణం నడిపే ఒకావిడ నాకు పాత కస్టమరు. కొల్లేటి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఏళ్ల తరబడి అద్దె బళ్లలో సరుకు తెప్పించుకుని, చివరికి సొంతంగా కొత్త మినీ ట్రక్కు కొనుక్కుంది. దాన్ని నడిపేవాడు ఆమె తమ్ముడు. రోజూ కైకలూరు వెళ్లి, చేపల్ని ఐసు పెట్టెల్లో సర్దుకుని, గుడివాడ మీదుగా ఎండెక్కకముందే దుకాణానికి చేర్చాలి. కిందటి వేసవిలో ఆ బండి నా దగ్గరికి వచ్చేనాటికి దాని వయసు ఏడాదిన్నర కూడా లేదు. కంపెనీ సర్వీసుకిస్తే రెండు రోజులు ఉంచుకుంటారు, చేపలు రెండు రోజులు ఆగవు. అందుకని నా దగ్గరికి తెచ్చారు.

కంకిపాడు దాటగానే ఇంజను వేడెక్కినట్టు ఎర్ర లైటు వెలుగుతోందని ఫిర్యాదు. చూస్తే ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ బాగా దిగిపోయి ఉంది. పాత బళ్లలో రేడియేటర్ మూత తీసి తొంగిచూస్తే సగం సంగతి తెలిసిపోయేది. ఈ కొత్త వాటికి రేడియేటర్ మీద మూతే ఉండదు. పక్కన ఒక తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అందులో గులాబీ రంగు కూలెంట్, అంతే. స్కానర్ తగిలిస్తే ఇంజను వేడిగా ఉందని చెబుతుంది. ఆ ముక్క లైటు ముందే చెప్పింది.

మామూలు బండి అయితే కింద అట్టముక్క పరిచి వదిలేస్తాను. ఎక్కడ మరక పడితే దాని పైనే లీకు. చేపల బండి కింద అట్ట పరిచి ఏం లాభం? పెట్టెల్లోని ఐసు కరిగి నీళ్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. అందుకని ట్యాంకు మూత ఉండేచోట చేతిపంపు బిగించి గాలి కొట్టాను. ఎక్కడైనా లీకు ఉంటే పంపు మీటరు ముల్లు దిగాలి. పావుగంట చూశాను, దిగలేదు. ఫ్యాను తిరుగుతోంది. హోసులు గట్టిగా ఉన్నాయి. ఇంజను ఆయిలు మజ్జిగలా తెల్లబడలేదు కాబట్టి కూలెంట్ లోపల అందులో కలవడం లేదు. రేడియేటర్ పైన ప్లాస్టిక్ అంచు మూలలో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. దాని కింద నుంచి సన్నని గులాబీ చార ఒకటి దిగి ఉంది. బండి కడిగినప్పుడు కుంకుమ జారిందనుకున్నాను. గుడ్డతో చుట్టూ తుడిచి, కూలెంట్ నింపి పంపేశాను.

పది రోజులకి మళ్లీ వచ్చింది. మళ్లీ కూలెంట్ దిగింది, మళ్లీ పంపు కొట్టాను, మళ్లీ ముల్లు కదల్లేదు. నాకు తిక్క రేగింది. ఈసారి అక్కాతమ్ముళ్లు ఇద్దరూ వచ్చి నా ముందు నిలబడి ఉన్నారు. ఏమీ దొరకలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"బండిలో తప్పేం లేదమ్మా. నడిపే మనిషి చూసుకోవట్లా. వేడి మీద మూత తీస్తే కూలెంట్ పొంగిపోద్ది. అట్టా పోగొట్టుకుని ఉంటాడు" అన్నాను.

"నేను మూత ముట్టుకోనండీ. రోజూ లోడెక్కించే ముందు చూత్తాను. ట్యాంకు మీద పెన్నుతో గీతలు గీశాను, కావాలంటే చూడండి" అన్నాడు తమ్ముడు.

నేను వంగి చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

"సాయిబు గారు ముప్ఫై ఏళ్ల నుంచి చేత్తన్నారు. ఆయనకి తెలీదా, నీకు తెలుసా? తాళం ఇటియ్యి" అంది.

అతను తాళం ఆమె చేతికివ్వలేదు. నా పనిబల్ల మీద, స్పానర్ల పక్కన పెట్టి, నడుచుకుంటూ రోడ్డెక్కాడు. నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించిన మాట నిజమే. కానీ చేతిలో ఇంకో బండి పని ఉంది, అందులో పడిపోయాను.

మూడోసారి వచ్చింది రెండు వారాల తర్వాత. కొత్త డ్రైవరు, అదే ఎర్ర లైటు. ఈసారి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగిపోయిందట. హోటళ్లకి వెళ్లాల్సిన చేపలు ఆటోలో వేసి పంపి, ఆమే బండి వెంట వచ్చింది. తమ్ముడి సంగతి అడిగాను. కైకలూరులోనే లోడింగు పనికి కుదిరాడని, ఫోను ఎత్తడం లేదని చెప్పింది.

బానెట్ మూత తెరిచాను. అలవాటుగా గుడ్డని బొట్టు ఉండే మూలకి దూరంగా జరుపుతుంటే ఆమె చూసింది.

"తుడిచెయ్యండి సాయిబు గారూ, పరవాలేదు. శుక్రవారం కడిగి బొట్టు పెట్టేది మా తమ్ముడే. వాడు పోయాక పెట్టేవాళ్లే లేరు. ఈ కొత్తాయన రెండుసార్లు పైపు పెట్టి కడిగేశాడు గూడా" అంది.

గుడ్డ పక్కన పెట్టి వంగి చూశాను. బొట్టు నిజంగానే లేదు. పసుపు జాడ లేదు. చార మాత్రం ఉంది, మునుపటి కన్నా ముదురుగా. వేలితో రాశాను. కుంకుమ అయితే పొడిపొడిగా రాలాలి. ఇది జిగటగా, జారుడుగా అంటుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన. కూలెంట్.

ఇంజను స్టార్ట్ చేసి బాగా వేడెక్కేదాకా ఉంచాను. అప్పుడు కనబడింది. అల్యూమినియం రేడియేటర్‌కి ప్లాస్టిక్ అంచు అతికే చోట, సరిగ్గా బొట్టు ఉండిన చోటు కింద, గులాబీ చుక్క ఒకటి ఊరి, జారి, కింద పడకముందే ఆ వేడికి ఆరిపోయింది. చల్లగా ఉంటే ఆ అతుకు మూసుకుంటుంది. వేడెక్కితేనే నోరు తెరుస్తుంది. నేను రెండుసార్లూ సరుకు దించి చల్లారిన బండికి గాలి కొట్టి ముల్లు దిగలేదని తీర్పు చెప్పాను. వేడి మీద చూడాలని తెలియక కాదు. తొందర.

ఆ ప్లాస్టిక్ ట్యాంకు వైపు వంగాను. దాని వెనక పక్కన నల్ల పెన్నుతో సన్నని గీతలు, ఒకదాని కింద ఒకటి. ఒక్కో గీత పక్కన తేదీ.

"అమ్మా, తప్పు నాది. మీ తమ్ముడు చెప్పిందంతా నిజం" అన్నాను.

ఆమె ఒక్కో గీత మీదా వేలు పెట్టి తేదీలు చదివింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మీరే వచ్చి చెప్పండి. నేను చెబితే వాడు వినడు" అంది చివరికి.

రేడియేటర్ వారంటీలో మారింది. ఆ మర్నాడు నేనే బండి నడుపుతూ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని కైకలూరు వెళ్లాను. దారి పొడుగునా ఇద్దరం ఎర్ర లైటు వెలిగే చోటునే చూస్తూ కూర్చున్నాం. వెలగలేదు. ఆమె నాతో మాట్లాడిన మాట ఒక్కటే, గుడివాడలో టీ తాగుతారా అని.

తమ్ముడు ఐసు పొడి పెట్టెల్లోకి పారతో ఎత్తిపోస్తున్నాడు. మమ్మల్ని చూసి పని ఆపలేదు. తోటివాళ్లంతా వింటుండగానే చెప్పాను. లీకు ఉందని, నాకు కనబడలేదని, కనబడలేదని ఒప్పుకోలేక నీ మీదికి నెట్టానని. అతను పార కింద పెట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"మీరు పొరపాటు పడ్డారండీ, అయిపోయింది. మీరు పరాయివాళ్లు. నన్ను ఒక్క మాట అడక్కండా తాళం అడిగింది మా అక్క" అన్నాడు.

ఆమె సంచిలోంచి తాళం తీసి చాపింది. అతను అందుకోలేదు.

"ముందు అడుగు" అన్నాడు.

ఆమెకి అర్థమైంది.

"రోజూ చూసేవాడివా?"

"చూసేవాణ్ణి."

"మూత ఎప్పుడన్నా తీశావా?"

"తియ్యలేదక్కా."

ఆమె కళ్లు తుడుచుకుంది. అప్పుడు తాళం తీసుకున్నాడు. బండి దగ్గరికి వచ్చి బానెట్ మూత ఎత్తి, వంగి ట్యాంకు చూసి, "పెన్ను ఉందాండీ?" అని నన్ను అడిగాడు. జేబులోది తీసి ఇచ్చాను. కూలెంట్ ఉన్న మట్టానికి కొత్త గీత గీసి, పక్కన తేదీ వేశాడు. ఆ తర్వాత పక్కకి జరిగి, నేను కూడా వంగి ఆ గీత చూసేదాకా మూత పట్టుకుని నిలబడ్డాడు.