రెండూ ఎడమకాలి చెప్పులే

మా కోడలు అచ్చాఫీసులో పేజీలు కూరుస్తుంది. కథ ఒకరు రాస్తారు, బొమ్మ ఇంకొకరు వేస్తారు; వచ్చిన చుట్టాలకు పీటలు వేసినట్టు ఏది ఎక్కడ కూర్చోవాలో చూసేది మా పిల్లే. కాపరానికొచ్చిన కొత్తలో తువ్వాళ్ళు కూడా అంచుకు అంచు కలిపి పేర్చేది. "ఇదేం పిచ్చే?" అంటే, "వంకరగా ఉంటే నాకు తోచదత్తయ్యా" అనేది. ఆ పిచ్చే దానికి కూడు పెట్టింది.

ఇన్నాళ్ళూ వేరేవాళ్ళు గీసిన గళ్ళలో అక్షరాలు నింపేది. మొన్న యజమాని, కొత్తగా చదువు నేర్చుకునే పెద్దవాళ్ళ కథల పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "ఇది సొంతంగా చెయ్యి. కుదిరితే ఇకమీదట పుస్తకాలన్నీ నీవే. లేదంటే పాత పనే" అన్నాడట. పిల్లకు అన్నం సయించలేదు. అక్షరాలెక్కడ రావాలో, బొమ్మెక్కడ రావాలో కంప్యూటర్‌లో సన్నటి గళ్ళు గీసింది. పుస్తకం పట్టుకునేవాళ్ళు బొటనవేలు ఆనించుకోవడానికని ప్రతి పేజీకీ ఎడమపక్క ఖాళీ వదిలింది. ఏ పేజీకి ఆ పేజీ దువ్విన జడలా ఉంది.

నమూనా కుట్టించి ముందు నాకే ఇచ్చింది. ఇవ్వదా మరి? కూడబలుక్కుని చదివేవాళ్ళ పుస్తకం గురించి రెండో తరగతితో బడి మానేసిన నన్ను కాక ఎవర్ని అడుగుతుంది?

రెండు చేతులా పట్టుకున్నాను. ఎడమ పేజీలో వరుసల చివర్లు కుట్టులోకి దూరాయి. కుడి పేజీలో చివర్లు నా బొటనవేలి కింద పడ్డాయి.

"ఈ కథలో ముసలమ్మ మూట కట్టుకుని ఎక్కడికి బయల్దేరిందే? ఆ మాట కాస్తా నీ కుట్టు మింగేసింది!"

"ఇంకా విప్పి పట్టుకోండి. ఇటుపక్క వేలు జరపండి."

"జరిపితే పుస్తకం నీ మొగుడొచ్చి పట్టుకుంటాడా?"

పక్కగదిలో మావాడు కిసుక్కుమన్నాడు. దాని మొహం వాడిపోయింది.

"ఒక్కో పేజీ బాగానే ఉంది కదత్తయ్యా!"

"ఉందిలే. ఎడమకాలి చెప్పులు రెండు కుట్టి జత అంటే ఎలా నడవనే?"

అది పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత ఎడమ పేజీ కుట్టువైపు అంచును బీరువా అద్దానికి ఆనించింది. అద్దంలో పేజీకి ఖాళీ కుడిపక్క కనపడింది.

"ఇదీ! కుడి పేజీ ఇలా ఉండాలి. ఖాళీ రెండింటికీ బయటివైపే రావాలి. తెరమీద ఒక్కోటే చూసుకుని మోసపోయానత్తయ్యా!"

గళ్ళన్నీ తిరగగీసింది. కుట్టు దగ్గరా కాస్త చోటు పెంచింది. కొత్త నమూనా తెరిచిన యజమాని చదువుకుంటూ పోయాడట. రెండు కథలయ్యాక తలెత్తి, "ఇంకా ఇక్కడే ఉన్నావా? తర్వాతి పుస్తకం మొదలుపెట్టు" అన్నాడట.

ఇంతకీ ఆ ముసలమ్మ చెల్లెలింటికి బయల్దేరింది. నేనే చదివాను, వేలు జరపకుండా.