బుచ్చవ్వ చేతిలో ఇంజన్ హ్యాండిల్

చొప్పదండి పక్క పల్లెలో బుచ్చవ్వకు ఎకరం మడి, ఒక బావి ఉన్నాయి కానీ మోట కొట్టడానికి ఎడ్లు లేవు. భర్త అహరోను పోయాక ఊరి పటేల్ ఎడ్లే దిక్కయ్యాయి. ముందు పటేల్ పొలంలో నాట్లేసి కలుపు తీస్తేనే అవి వచ్చేవి. అప్పటికి ఆమె మడి నెర్రెలు బాసేది. అందుకే రైతులంతా సహకార సంఘం పెట్టి ఆయిల్ ఇంజన్ కొంటామన్నప్పుడు అందరికంటే ముందు చేరింది ఆమే. ఇంజన్‌ను బండి మీద బావి బావికీ తిప్పేవారు. ఎవరి వంతు వాళ్లది.

ఆమె వంతు నాడు పటేల్ వచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు.

“ముందు నా పొలం తడవాలె. నువ్వు రేపు పారిచ్చుకో.”

బుచ్చవ్వ ఇంజన్ తిప్పే హ్యాండిల్ లాక్కుని చంకన పెట్టుకుంది. అది లేనిదే ఇంజన్ లేవదు.

“ఏందే, బలుపా?”

“బలుపు గాదు పటేలా, నా వంతు. గివి నీ ఎడ్లు గావు, సంఘం ఇంజన్. సంఘంల నువ్వు పటేల్‌వు గాదు, నాలెక్కనే ఒక మెంబర్‌వి.”

చుట్టూ చేరిన రైతులు బండిని ఆమె బావికే తోలారు. హ్యాండిల్ కూడా ఇకనుంచి ఆమె దగ్గరే ఉండాలన్నారు.

పటేల్ వంతు వచ్చింది. హ్యాండిల్ కోసం జీతగాణ్ణి పంపితే, మెంబరే రావాలని ఆమె తిప్పి పంపింది. ఏనాడూ ఊరవతలి ఆమె వాడలో కాలు పెట్టని మనిషి ఆమె గుడిసె ముందుకొచ్చి పిలిచాడు.

“జర నిలబడు పటేలా,” లోపలి నుంచే అంది బుచ్చవ్వ. “అంబలి తాగొస్త.”