లోపల పెట్టిన తాళం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ పూర్తయ్యేసరికి ఒక టేకు తలుపు నాశనమవుతుంది, ఒక పెద్దమనిషి కళ్ళు రెండు రోజులపాటు తెరుచుకోవు. ఆ పెద్దమనిషిని నేనే. తలుపూ నాదే. ఇంత ఘనకార్యమూ చేసింది నేనే. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. విని నవ్వేవాళ్ళని చూస్తే ఇంకాస్త మండుతుంది. అయినా మీరు నవ్వకుండా ఉండరని తెలుసు, కానివ్వండి.

ఎనభైల్లో సంగతి. నల్లపాడులో కాపురం, హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారు ఉద్యోగం. పిల్లలకి స్టూలు చేయటం నేర్పితే వాళ్ళు చేసిన స్టూళ్ళన్నీ మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగోది గాల్లో పెట్టుకునేవి. ఆ మంట చల్లార్చుకోటానికి ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేసి, సాయంత్రాలు సొంతంగా వడ్రంగం చేసుకునేవాణ్ణి. దానికి టేకు తలుపు. చెక్క ఎంచింది నేను, చిత్రిక పట్టింది నేను, పాలిష్ పెట్టింది నేను. "పెళ్ళిచూపుల్లో నన్నయినా ఇంతసేపు చూడలేదు" అని మా ఆవిడ సుశీల ఆ తలుపు మీద అసూయపడేది.

ఇక శత్రువు సంగతి. శత్రువంటే ఎక్కడో ఉండడు, భార్యకి తమ్ముడై పుడతాడు. మా బావమరిది సుబ్బారావుకి నల్లపాడుకి ఆరు మైళ్ళ అవతల మూడెకరాల పత్తి, ఎకరం మిరప ఉన్నాయి. వారానికి రెండుసార్లు మా ఇంటికి వచ్చేవాడు. అక్కని పలకరించి, అన్నం తిని, షెడ్డులోంచి ఏదో ఒకటి పట్టుకుపోయేవాడు. అడగటమనేది వాడికి తెలియదు. "అక్కింట్లో అడగటమేంటి బావా, పరాయివాళ్ళలాగా!" అనేవాడు. నా రంపంతో కందికంప కోశాడు. నా సుత్తితో ఎద్దుల పలుపు గూటాలు దిగ్గొట్టాడు. అదంతా క్షమించాను. కానీ మా గురువుగారు నాకిచ్చిన అరంగుళం ఉలి పట్టుకుపోయాడే, అది క్షమించలేదు.

"ఏరా, నా ఉలేదిరా?"

"ఇంటి దగ్గరుంది బావా. బెల్లం అచ్చు కొట్టటానికి భలే ఉందనుకో!"

"ఉలితో బెల్లం కొట్టావా?"

"కొబ్బరికాయ కూడా. ఒక్క దెబ్బ!"

నేను ఆ పూట అన్నం తినలేదు. వాడు నా వాటా కూడా తిన్నాడు.

ఇది చాలక, ఎండాకాలంలో వాడి మిరపకాయల గోతాలు తెచ్చి నా షెడ్డులో దించాడు. రెండు నెలల తర్వాత గోతాలు వెళ్ళాయి గానీ ఘాటు వెళ్ళలేదు. తొడిమలు, గింజలు, ఎర్రటి దుమ్ము, మూలమూలలా అదే. రంపం పొట్టు ఊడుద్దామంటే చీపురు తగలగానే తుమ్ములు. అప్పుడు నాలోని శాస్త్రవేత్త మేల్కొన్నాడు.

జిన్నింగు మిల్లుల్లో పత్తిని గొట్టంతో పీల్చే ఫ్యాను ఉంటుంది చూశారూ, అలాంటిది పాతది ఒకటి ఇనపసామాన్ల కొట్లో దొరికింది. దాన్ని పెద్ద రేకు డ్రమ్ముకి బిగించాను. ఒకవైపు పీల్చే గొట్టం. రెండోవైపు గాలి వదిలే గొట్టం, షెడ్డు గోడలోంచి పెరట్లోకి. దాని మూతికి సుశీల పాత చీరగుడ్డ సంచిలా కట్టాను. కరెంటు వరండాలోంచి లాగాను కాబట్టి స్విచ్చు వరండాలోనే. వేస్తే గూడ్సుబండి మా పెరట్లోంచే పోతున్నట్టుండేది. పొట్టు, దుమ్ము, మేకులు, దేన్నీ వదిలేది కాదు. సుశీల దానికి బకాసురుడని పేరు పెట్టింది.

వారం తిరక్కుండా సుబ్బారావు ఆ డ్రమ్ము మూత ఊడదీసి పట్టుకుపోయాడు. వాళ్ళింట్లో దాని మీద వడియాలు పెట్టారు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు వడ్రంగం చదవలేదు కాబట్టి పట్టలేదు, నేను పడతాను అనుకున్నాను. మూత వెనక్కి తెప్పించి, గుంటూరు బజారుకి వెళ్ళి, హార్డువేరు కొట్టువాడి ముందు కూర్చున్నాను.

"ఎవడూ విప్పలేని స్క్రూ కావాలండీ."

ఆయన ఒక పొట్లం తీశాడు. ఆ స్క్రూ తల మీద గాడి ఒకవైపే నిటారుగా చెక్కి ఉంది, రెండోవైపు ఏటవాలు. బిగిస్తే బిగుస్తుంది. విప్పబోతే స్క్రూడ్రైవరు జారిపోతుంది.

"మరి మీకే విప్పాల్సొస్తే ఏం చేస్తారు మాస్టారూ?" అన్నాడాయన.

"నేనెందుకు విప్పుతానండీ?" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత రెండు రోజులూ బిగించటమే బిగించటం. తలుపు గడియకి, బందులకి, కిటికీ ఊచల చట్రానికి, పైన రేకులకి, ఆఖరికి బకాసురుడి మూతకి కూడా. "పొట్టు నిండితే ఎలా తీస్తారండీ?" అని సుశీల అడిగింది. "నిండినప్పుడు చూద్దాంలే" అన్నాను. కోపంలో ఉన్నవాడికి రేపనేది ఉండదు. తలుపుకి కొత్త ఇత్తడి తాళం కూడా తెచ్చాను, నొక్కితే పడిపోయే రకం, దానికి చెవి ఒక్కటే.

ఆ ఆదివారం పొద్దున షెడ్డులో బకాసురుణ్ణి తిప్పుతున్నాను. సుబ్బారావు వీపుకి తగిలించుకునే మోటారు స్ప్రేయరు రిపేరుకని నా దగ్గర పడేసి వెళితే, ముందురోజే బాగుచేసి మూల పెట్టాను. సుశీల గుమ్మంలోకి వచ్చి గొంతు చించుకుంది.

"తమ్ముడు స్ప్రేయరు కోసం వస్తున్నాడట! పత్తికి తెల్లదోమ పట్టిందట!"

"ఉలి తెస్తే స్ప్రేయరు! లేకపోతే లేదని చెప్పు!" అని నేను మిషను హోరులోంచి అరిచాను. "ఆ తాళం తీసి లోపల పెట్టు!"

సుశీల తలూపింది. నేను బల్ల మీద పొట్టంతా పీల్చాను. గొట్టంలో ఏదో టక్కుమంది. మేకు కాబోలు, ఏం లాగుతోందిరా నా మిషను అని మురిసిపోయాను. స్విచ్చు ఆపమని కేకేసి, బయటికి వచ్చి, గడియ వేసి తాళం నొక్కాను. టిక్కుమని పడింది. ఆ చప్పుడు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

పది నిమిషాల్లో సుబ్బారావు సైకిల్ దిగాడు, చేతిలో గుడ్డసంచితో.

"బావా, సంచిలో..."

"నోరు ముయ్యి! ఉలి ఏదిరా?"

"అదే చెప్తున్నా, నేను..."

"ఏం చెప్తావురా? బెల్లం కొట్టిన కథా? నా ఉలి నా చేతిలో పడేదాకా నీ స్ప్రేయరు ఆ గుమ్మం దాటదు! నేనేమన్నా నీకు ఊరుమ్మడి పలుగునా, పారనా?"

సుబ్బారావు సంచిని హ్యాండిలుకి తగిలించాడు. సైకిల్‌కి ఆనుకుని ఆకాశం వంక చూశాడు. పడమట మబ్బు నల్లగా లేస్తోంది.

"బావా, ఆకు తిరగేసి చూస్తే పిండి చల్లినట్టుంది," అన్నాడు మెల్లగా. "వాన పడేలోపు మందు కొట్టాలి. తడిస్తే మందు నిలవదు. ఊళ్ళో స్ప్రేయర్లన్నీ ఎవడి చేలో వాడికున్నాయి. నీ కోపం రేపు పడతాను, ఎంతసేపు తిడితే అంతసేపు. ఇవాళ మాత్రం ఇవ్వు బావా."

నా కోపం జారిపోయింది. మూడెకరాల చేను, వాడి ఏడాది కష్టమూ అదే. ఉలి కోసం పత్తిచేను ఎండబెట్టే మనిషినా నేను? సిగ్గేసింది.

"సుశీలా, తాళం ఇలా ఇవ్వు!"

"తలుపుకుందిగా."

"అది కాదే! దాని తాళం!"

"తాళానికి తాళమేంటండీ? చెవా? మీరేగా లోపల పెట్టమన్నారు? లోపలే పెట్టాను."

"బీరువాలోనా?"

"షెడ్డు లోపల. బల్ల మీద. మీరు చూసి తలూపారు కూడా!"

"తలూపలేదే, తుమ్మాను!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ టక్కుమన్న చప్పుడు. మేకు కాదు. చెవి బకాసురుడి కడుపులో ఉంది. బకాసురుడు షెడ్డులో ఉన్నాడు. షెడ్డుకి తాళం ఉంది.

"స్క్రూలు విప్పు బావా," అన్నాడు సుబ్బారావు.

"అవి విప్పటానికి రావు."

"అలాంటి స్క్రూలు ఎవడు కొంటాడు?"

నేను తాళం పట్టుకుని ఒకసారి గుంజి చూశాను.

"పోనీ తాళం కోద్దాం. రంపపు బ్లేడేది?"

"లోపల."

"సుత్తి?"

"లోపల."

"పలుగన్నా ఉందా?"

"అదీ లోపలే! నీ భయానికేరా!" అన్నాను ఏడవలేక. వాన భయానికి వీధి వీధంతా చేలకి పోయింది, పలుగు అరువిచ్చే దిక్కు కూడా లేదు.

అయినా క్రాఫ్టు మాస్టారి బుర్ర ఊరుకుంటుందా? గాలి వదిలే గొట్టంలోంచి చెవి బయటికి వస్తుందేమోనని పెరట్లోకి వెళ్ళి, గొట్టం మూతికి కట్టిన గుడ్డ విప్పాను. సుశీలని స్విచ్చు దగ్గర నిలబెట్టి, నేను ముందు గొట్టంలోకి తొంగి చూస్తున్నాను. లోపల ఎర్రగా ఏదో పేరుకుని ఉంది.

"వెయ్యమంటారా?" అంది వరండాలోంచి.

"వెయ్యకే!" అనబోయాను. ఘాటు గొంతులోకి పోయి "వెయ్య్..." దగ్గరే దగ్గొచ్చింది.

వేసింది.

ఎండాకాలమంతా సుబ్బారావు గోతాలు రాల్చిన మిరపదుమ్ము ఒక్క ఊపున నా మొహాన పడింది. నేను వేసిన కేకకి స్టేషన్లో రైలు ఆగిందని తర్వాత ఎవరో అన్నారు, నేను నమ్మను. కుండెడు మజ్జిగ నా మొహాన పోసి, సుశీల నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకుపోయాయి. చెవి రాలేదు. దూరంగా ఉరుమొకటి వినిపించింది.

అప్పుడు సుబ్బారావు నా పక్కన కూర్చుని, సంచిలోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టాడు. తడిమి చూశాను. టేకు పిడి. అరంగుళం. పదును ఎంత ఉందంటే వేలు ఆన్చగానే తెగింది.

"వచ్చినప్పట్నుంచీ ఇదే చెప్పబోతున్నా బావా. బెల్లం కొట్టి వంకర చేశానని, సాన పట్టించి మరీ తెచ్చాను."

నాకున్న పనిముట్లన్నిటిలో ఆ పూట షెడ్డు బయట ఉన్నది అదొక్కటే. వాడు ఎత్తుకుపోయింది కాబట్టి ఉంది. నా దగ్గరుంటే అదీ లోపలే ఉండేది.

"కొట్టరా," అన్నాను. "తలుపు కొట్టు."

"నీ టేకు తలుపు బావా!"

"కొట్టరా వెధవా, వానొస్తోంది!"

సుత్తి లేదు కాబట్టి సన్నికల్లు పొత్రంతో కొట్టాడు. నా తలుపు మీద, నా ఉలితో పడుతున్న ఒక్కొక్క దెబ్బా కళ్ళు మూసుకుని విన్నాను. గడియ చుట్టూ చెక్క తెగి ఊడిపడింది. తాళం, గడియ, నాలుగు స్క్రూలు, వాటిని పట్టుకున్న జానెడు టేకు ముక్క, ఏదీ చెక్కుచెదరలేదు. కొట్టువాడు అబద్ధం చెప్పలేదు.

సుబ్బారావు స్ప్రేయరు వీపుకి తగిలించుకున్నాడు. సైకిల్ ఎక్కబోయి ఆగాడు.

"బావా, ఉలి తీసుకెళ్ళనా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాడు నన్ను అడిగి తీసుకెళ్ళిన మొదటి వస్తువు అది.

"తీసుకెళ్ళరా. అది మీ ఇంట్లో ఉండటమే నాకు క్షేమం," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. మిరపదుమ్ము వల్లేనని ఆ రోజూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

వాన మర్నాడు తెల్లవారుజామున గానీ పడలేదు. చేను బతికింది. సంక్రాంతి దాటాక పత్తి అమ్మి, అక్కకి చీర, నాకు కొత్త తలుపుకి చెక్క తెచ్చాడు సుబ్బారావు. తాళం చెవి ఇప్పటికీ బకాసురుడి కడుపులోనే ఉంది. మూత విప్పగలిగేవాడు ఇంకా పుట్టలేదు.

కాబట్టి, తాళం వేలాడుతున్న ఆ టేకు ముక్క మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. విప్పటం రాని దేన్నీ ఇక జన్మలో బిగించను. కోపంగా ఉన్నప్పుడు "లోపల" అన్న మాట ఎత్తను. ఇంట్లో ఎన్ని పనిముట్లున్నా, ఒకటి మాత్రం ఎప్పుడూ బావమరిది ఎత్తుకుపోయేలా, కనిపించేచోటే పెడతాను.