గుట్ట దిగిన గుండు

డెబ్భైల నాటి మాట. ఫలక్‌నుమాలో గుట్ట కింద మా రేకుల ఇల్లు. పక్కన ఇంకో గది వేసుకుంటామంటే మున్సిపాలిటీ సారు వచ్చి, "పైన పెద్ద రాతిగుండు ఉన్నది. దాని కింద కొత్తగ కట్టరాదు, రూలు" అన్నాడు. పాత ఇంట్లో చావడానికి మాత్రం ఏ రూలూ అడ్డు రాలేదు!

ఆ వానాకాలమే గుండు దొర్లింది. చప్పుడు విని పొయ్యి వదిలేసి బయటికి ఉరికాను. తిరిగి చూస్తే, గోడ పగలగొట్టుకుని మా వంటింట్లో కూర్చుంది.

మళ్లీ వచ్చిన సారు గుట్ట వైపు చూసి మురిసిపోయాడు. "ఇప్పుడు పైన గుండు లేదు. కట్టుకోండ్రి."

"గుండు ఇంట్లనే ఉన్నది గద సారూ!" అన్నాడు మా ఆయన.

"ఇంట్ల ఉన్నదానికి రూలు లేదు."

ఆ గుండుకే రోలు తొలిపించుకున్నాను. ఇప్పటికీ పచ్చడి నూరేటప్పుడు ఆ సారునే తలుచుకుంటాను. చాలా మెత్తగా వస్తుంది.