కారం అంటని చేతులు

అవ్వ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను జనగామలో, నేను పనిచేసే బడి గేటు దగ్గర ఉన్నాను. "తెల్లారంగ ఊపిరాడలే బిడ్డా. దవాఖానకు తీస్కపోదామనే లోపే అయిపోయింది. మూడింటికి సమాధి చేస్తరట, జల్ది రా" అంది. అమ్మ గొంతు వెనక ఆడవాళ్ల మాటలు, మోటరు చప్పుడు వినిపించాయి.

"ఇయ్యాల గూడ చేన్లకు పోయినవా?"

"మొగులు పట్టింది. మిరపకాయ తడుస్తదట. మేం రాకపోతె ఆసాములు ఇంకో గుంపును పెట్టుకుంటమన్నరు. మూడింటికి ఇడుస్తమన్నరు."

అవ్వ నడిపిన గుంపుకు అవ్వ చచ్చిపోయిన రోజు దొరికిన సెలవు అంతే.

ఆమె నాకు బంధువు కాదు. మానుకోట దగ్గర మా ఊళ్లో మా రెండిళ్ల నడుమ ఒకే మట్టిగోడ. మేం సమ్మక్కకు మొక్కుతాం, ఆమె ఏసయ్యను నమ్మింది. భర్త ఎప్పుడో పోయాడు, ఒక్కతే ఉండేది. మిరపకాయ ఏరే కాలం వస్తే మా వాడ ఆడవాళ్లందరినీ పొద్దున్నే ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని చేలకు తీసుకుపోయేది.

మిరపకాయ ఏరినవాళ్ల చేతులు ఎట్లా ఉంటాయో తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కారం వేళ్లలోకి దిగుతుంది. నీళ్లతో కడిగితే పోదు, నూనె రుద్దినా సగమే పోతుంది. ఆ చేత్తో కన్ను ముట్టుకుంటే ఆ పూట పని అయినట్టే. చెమట పట్టినా, దుమ్ము పడినా, ఏడుపొచ్చినా భుజానికి తుడుచుకోవాల్సిందే. అందుకని అవ్వ గుంపులో ఒక పద్ధతి ఉండేది. రోజుకొకరు కాయ ముట్టరు. ఆ రోజుకు ఆమె "నీళ్లామె". అందరికీ నీళ్లు తాపడం, చంటిపిల్లల్ని చూసుకోవడం, కళ్లు మండినవాళ్లకు తడిగుడ్డతో తుడవడం ఆమె పని. ఆమె కూలి పోకుండా మిగతావాళ్లు తలా దోసెడు కాయ ఆమె సంచిలో పోసేవాళ్లు.

కొత్త ఆసామి ఎవరైనా చూస్తే ఊరుకునేవాడు కాదు. "గా ఒక్కతి ఏం చేస్తుందే, ఉత్తగ తిరుగుడేనా?" అనేవాడు.

"పటేలా, కండ్లు మండినోళ్లు ఏరుతరా? గుంపుల ఒక్కదాని చేతులన్న కారం లేకుండ ఉండాలె. నమ్మకపోతె ఒక్క కాయ పిసికి నీ కన్ను నులుముకో, జర తెలుస్తది" అనేది అవ్వ. ఎవరూ నులుముకోలేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, పరీక్షలకు ఇంకా నెలరోజులుండగా, అమ్మ నన్నూ ఏరడానికి రమ్మంది. ఇంట్లో అప్పటికి నాన్న లేడు. నాకు బాధేమీ అనిపించలేదు. మా ఇంట్లో పదో తరగతి రాసినవాళ్లే లేరు, రాస్తే ఏమవుతుందో చెప్పేవాళ్లూ లేరు. అమ్మ పాత చొక్కా తొడుక్కుని ఆటో ఎక్కి కూర్చున్నాను.

"పొల్లా, దిగు" అంది అవ్వ.

"ఎందుకు దిగుతది అత్తా? నా బిడ్డ, నా ఇష్టం" అంది అమ్మ.

"దీన్ని ఎక్కించుకోను. బడికి పోనియ్యి."

"నీ బిడ్డ సచ్చిపోయిందని నా బిడ్డను ఆపుతవా?"

అవ్వ నా రెక్క పట్టి కిందికి దింపింది. "ఔ. గందుకే ఆపుతున్న" అంది.

అవ్వ కూతుర్ని నేను చూడలేదు. ఏడో తరగతిలో బడి మాన్పించి, ఇట్లాగే చేనుకు తీసుకుపోతుంటే ఆటో బోల్తా పడిందట. అంతవరకే నాకు తెలుసు.

ఆ రోజే అమ్మ వేరే గుంపులో కలిసింది, కానీ నన్ను మళ్లీ రమ్మనలేదు. మూడేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. నాకేమో అవ్వ మీద పట్టరాని కోపం. అందరి ముందు రెక్క పట్టి దింపిందని. సాయంత్రం పుస్తకం పట్టుకుంటే గోడవతల నుంచి అరిచేది. "ఇనవస్తలేదు, జర గట్టిగ సదువు." గుండెకు నాలుగు గదులని నేను చదివితే, "నాలుగా? నాకు ఒక్కటే ఉన్నట్టుంది, అదీ ఇరుకు" అనేది. గోడకు ఇవతల అమ్మ పొయ్యి ముందు కూర్చుని నవ్వు ఆపుకునేది కానీ మాట కలిపేది కాదు.

నాలుగో ఏడు అమ్మ తిరిగి అవ్వ ఆటో ఎక్కింది. ఎందుకొచ్చావని అవ్వ అడగలేదు. వంతు కాకపోయినా ఆ రోజు అమ్మనే నీళ్లామెను చేసింది. ఆ సంగతి అమ్మ ఇప్పటికీ చెప్తుంటుంది.

డిగ్రీ అయ్యింది, బీఎడ్ అయ్యింది, సర్కారు ఉద్యోగం రాలేదు. రెండోసారి పరీక్ష రాసినా రానప్పుడు నేను అవ్వ వాకిట్లో కూర్చుని, ఆమె మనసుకు తగలాలనే అన్నాను. "నీ దేవుడు నీకేం చేసిండని రోజూ మోకాళ్ల మీద కూసుంటవ్?"

ఆమె చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. "ఆటోల నా బిడ్డను అంచున కూసోబెట్టింది నేనే. ఏడేండ్లు మందిరం మొఖం చూడలే. కోపమొస్తె గోడను తిట్టేదాన్ని. గోడకేమెరుక? తిట్టెతందుకన్న ఎదురుంగ ఒకరుండాలె గదనే. గందుకే మళ్ల పోయిన. తిట్టంగ తిట్టంగ మాట కలిసింది."

"మరి జవాబు చెప్పిండా?"

"చెప్పలే. నేను దినాం అడుగుతనే ఉన్న. నీ ముచ్చట గూడ అడుగుతున్న. నువ్వు సమ్మక్కను అడుగు. ఇద్దరిల ఒక్కరన్న ఇనకపోతరా."

నమ్మకం అంటే అన్నిటికీ తలవంచడం అనుకునేదాన్ని. జవాబు రాకపోయినా ప్రశ్న మానకపోవడం కూడా నమ్మకమేనని ఆమె దగ్గరే చూశాను. తర్వాత జనగామలో ఈ ప్రైవేటు బడిలో చేరాను. అవ్వ దృష్టిలో అదే కలెక్టరు కొలువు.

ఈ చలికాలం నుంచి ఆమెకు దగ్గు. నెల కిందట దవాఖానకు వెళ్లి వచ్చి, అమ్మ ఫోన్లో కాగితం ఫోటో తీయించి నాకు పంపింది. వెనకే వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతు. "సదువుకున్నదానివి, గిదేం చెప్తున్నదో జర చూడు బిడ్డా." అంతా ఇంగ్లీషు, గజిబిజి రాత. మందుల పేర్లు కనిపించాయి. కింద ఇంకా ఏదో ఉన్నట్టుంది కానీ ఫోటోలో పడలేదు. మొత్తం తీసి పంపమని నేను అడగలేదు. "మందులు ఏసుకో, ఆదివారం వస్త" అన్నాను. ఆ ఆదివారం, ఆ పై ఆదివారం కొత్త పిల్లల్ని చేర్పించమంటూ బడివాళ్లు మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పారు. ఇంకో ఆదివారం ఊరికే అలసిపోయి పడుకున్నాను.

రైలు దిగి ఇంటికి చేరేసరికి అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. పరుపు ఎత్తిన పక్కింటామె, "దిండు కిందుండె, గిదేందో చూడు" అని ఒక కాగితం ఇచ్చింది. మడత విప్పాను. ఫోటోలో పడని కింది వరుసలో ఇట్లా రాసి ఉంది. ఆలస్యం చేయకుండా వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మా వాడలో ఆ వరుస చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకోసమే కదా ఆమె నన్ను ఆటో దింపింది. అందుకోసమే కదా మూడేళ్లు అమ్మ మాటను పోగొట్టుకుంది.

సమాధి దగ్గర పాస్టరయ్య అంతా దేవుని చిత్తం అన్నారు. నాకు ఒళ్లు మండింది. మడత పెట్టిన కాగితం చేతిలోనే ఉంది. అవ్వ చెప్పినట్టు ఎదురుగా ఒకరుండాలి కాబట్టి, లోపల్లోపల ఆయన దేవుణ్నీ తిట్టాను, మా సమ్మక్కనూ తిట్టాను. నన్ను నేను తిట్టుకోవడానికి మాత్రం సరిపడే మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

అప్పుడే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. గుంపంతా చేను నుంచి నేరుగా వచ్చింది. దిగుతూనే ఏడ్చారు. చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని, ఎర్రబడ్డ వేళ్లు చాపి నిలబడి ఏడ్చారు. కళ్లకు చేతులు పెట్టుకోలేక భుజాలకు రుద్దుకున్నారు. ఆ రోజు నీళ్లామె లేదు. వంతు చెప్పే మనిషి మట్టి కిందికి పోతోంది.

కాగితం సంచిలో పెట్టాను. ఆటోలో ఉన్న నీళ్ల సీసా తీసి చున్నీ కొంగు తడిపాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి కళ్లు తుడిచాను. అందరికన్నా వెనక అమ్మ ఉంది. నేను దగ్గరికి పోగానే రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"ముట్టకు బిడ్డా, కారం" అని కళ్లు మూసుకుని, చిన్నపిల్లలా ముఖం పైకెత్తింది.