తలుపు పక్క మంచం

మొన్న మా అమ్మాయి గోళ్ల రంగు తుడుచుకోవడానికి ఏదో సీసా మూత తీసింది. వంటింట్లో ఉన్న నాకు ఆ ఘాటు ముక్కుకు తగిలింది. అసిటోన్. ఇరవై ఏళ్లు దాటినా ఆ వాసన నన్ను నేరుగా పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబుకు తీసుకుపోతుంది. అక్కడ కడిగిన గాజుసామానంతా చివరికి ఒకసారి అసిటోన్‌తో జాడించి ఆరబెట్టేవాళ్లం. ఆ వాసన వెంట, తెల్లకోటు చేతులు మోచేతులదాకా మడిచి, జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని నిలబడ్డ అనసూయక్క కనిపిస్తుంది. ఆమె గురించి చెప్పడం నాకు సులువు కాదు. ఆమె ఎలాంటి మనిషో చెప్పాలంటే నేను ఆమెకు చేసిందేమిటో కూడా చెప్పాలి.

మాది సంగారెడ్డి. మా బాపుకు కందులు, పెసలు కొని అమ్మే దుకాణం ఉండేది. డిగ్రీ అయిపోయాక, రెండువేల ఒకటిలో నేను ఆ ఫ్యాక్టరీలో మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో చేరాను. అనసూయక్క అక్కడ సీనియర్ కెమిస్టు. మా సంగారెడ్డి పక్క కొండాపూర్ దిక్కు వ్యవసాయదారుల ఇంటి పిల్ల. ముప్పై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. బీరంగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. నేను చేరిన వారంలోనే ఒకరోజు నా పుస్తకం తీసి చూసి, "ఈ అంకె నువ్వు చూసి రాసినవా, నిన్నటిది చూసి రాసినవా?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను. ఆమె కోప్పడలేదు. "రావాల్సింది రాయకు లలితా, వచ్చింది రాయి. తప్పొస్తే మళ్ల చేద్దాం. మళ్ల చేసుడుల సిగ్గేం లేదు" అని, నా పక్కనే నిలబడి ఆ పరీక్ష మొదటినుంచి చేయించింది. ఆ సాయంత్రం కంపెనీ బస్సు వెళ్లిపోయింది. రోడ్డు మీదికి నడిచి, షేర్ ఆటోలో ఇరుక్కుని ఆమె గదికి పోయాం. దారంతా ఆమె తన చదువు గురించే మాట్లాడింది. విదేశంలో ఎమ్మెస్సీ చేయాలన్నది ఆమె కోరిక. అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదట.

ఏడాది తిరిగేసరికి ఆ కోరిక ఇద్దరిదయింది. "ఒక్కదాన్నే పోవాలంటే నాగ్గూడ గుబులైతది. నువ్వు రా. ఒకరికొకరం ఉంటం" అంది. ఆదివారాలు బీరంగూడ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాళ్లం. ఆమె ఒక్క వేలితో వెతికి వెతికి టైపు చేసేది. ఇంగ్లాండులో సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న పట్నంలో ఇద్దరికీ సీటు వచ్చింది. ఆ ఊళ్లో మార్గరెట్ అనే రిటైరైన పంతులమ్మ తన మేడమీది గది విద్యార్థినులకు అద్దెకిస్తుందని తెలిసి, అనసూయక్క ఆమెకు నాలుగు నెలల్లో ఎన్ని మెయిళ్లు రాసిందో! గదికి లోపలినుంచి గొళ్లెం ఉందా, పోపు పెడితే ఒప్పుకుంటారా, చలికి ఎన్ని దుప్పట్లు కావాలి, కాలేజీకి ఏ బస్సు ఎక్కాలి. చదువుకునేవాళ్లు వారానికి ఇరవై గంటలు పని చేసుకోవచ్చని తెలుసుకుని, అదీ అడిగింది. మార్గరెట్ చెల్లెలు పనిచేసే వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసే చోట ఇద్దరికి పని ఖాయం చేసింది. ఇవన్నీ నాకోసం కూడా ఆమే అడిగింది. నేను పక్కన కూర్చుని పల్లీలు తిన్నాను.

మా బాపు ఒప్పుకోలేదు. అప్పుడు అనసూయక్క ఒక ఆదివారం మా దుకాణానికి వచ్చింది. బాపు స్టూలు చూపించినా కూర్చోకుండా కందుల బస్తా మీద కూర్చుంది.

"పెండ్లిగాని పిల్లను ఒంటరిగ అంత దూరమెట్ల పంపుత బిడ్డా? ఆడ ఎవరున్నరు మాకు?" అన్నాడు బాపు.

"ఒంటరిగ కాదు బాపూ, నేనుంట గద" అని, సంచిలోంచి కాగితాలు తీసింది. మార్గరెట్ పంపిన వివరాలతో తనే గది పటం గీసుకొచ్చింది. "ఇగో, ఇది కిటికీ. కిటికీ పక్క మంచం మీ బిడ్డది, వెలుతురుంటది. తలుపు పక్క మంచం నాది. ఎవరన్నా లోపలికి రావాలంటే నన్ను దాటి రావాలె."

బాపు ఆ పటం చాలాసేపు చూశాడు. చివరికి, "జెర పైలం బిడ్డా" అన్నాడు. ఆ మాట నాతో కాదు, ఆమెతో అన్నాడు.

ఇంకో రెండు నెలల్లో బయలుదేరాలి. మందుపొడిలో తేమ ఎంతుందో తెలుసుకోవడానికి దాన్ని వేడిపెట్టెలో ఆరబెట్టి తూచి, మళ్లీ ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఒక శనివారం వీసా కాగితాలకు ఫొటోలు దిగాలని తొందరలో నేను రెండోసారి ఆరబెట్టలేదు. తూచనే లేదు. తూచినట్టు రాసేశాను. నా మీది నమ్మకంతో అనసూయక్క కింద సంతకం చేసింది. మూడు వారాల తరువాత తనిఖీకి వచ్చినవాళ్లు వేడిపెట్టె పుస్తకం, నా పుస్తకం పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో లేదు. మేనేజరు మా ఇద్దరినీ పిలిచి, ఇది తేలేదాకా ఎవరికీ రిలీవింగ్ లెటర్ ఇవ్వనన్నాడు. నేను ఏడ్చాను. అనసూయక్క ఏడవలేదు. "సంతకం నాది సార్. చూసుకోవాల్సింది నేను. పాత పుస్తకాలన్నీ నేను కూసొని సరిచూస్త, ఎన్ని నెలలైనా సరే. పిల్లను పంపియ్యుండ్రి" అంది. బయటికొచ్చాక ఆమె నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. యూనివర్సిటీకి రాసి, తన సీటు జనవరికి మార్పించుకుంది.

నేను బయలుదేరే రోజు ఉదయం సంగారెడ్డి వచ్చి నా పెట్టె తాళం లాగి చూసింది. "జనవరి దాకా నా మంచం ఎవ్వరికియ్యనియ్యకు. మార్గరెట్‌కు చెప్పిన, ఉంచుతనన్నది. నువ్వు మధ్యమధ్యల గుర్తుచెయ్యి, గంతే."

"చేస్తనక్కా" అన్నాను.

ఆ ఊళ్లో మొదటి నెల నేను ఏ ఇబ్బందీ పడలేదంటే అది ఆమె చలవే. దిగిన రోజే నాకు గది ఉంది, పని ఉంది, ఎక్కాల్సిన బస్సు నంబరు కూడా తెలుసు. తోటి అమ్మాయిలు గది దొరక్క తెలిసినవాళ్ల ఇళ్లలో నేలమీద పడుకుంటుంటే నేను కిటికీ పక్క మంచంలో వెచ్చగా పడుకున్నాను. కానీ పొద్దున లేవగానే ఎదురుగా ఆ ఖాళీ మంచం కనిపించేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ వేడిపెట్టె గుర్తుకొచ్చేది. ఆమె వస్తే రోజూ ఆమె ముఖం చూడాలి, నా తప్పు వల్ల ఆమె ఏం పోగొట్టుకుందో రోజూ తలుచుకోవాలి. అదే సమయంలో మా క్లాసులో సిమ్రన్ అనే పంజాబీ అమ్మాయి పరిచయమయింది. నా వయసుదే. ఎప్పుడూ నవ్వుతుండేది. ఆమెకు నా గురించి ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు హాయిగా ఉండేది. ఆమెకూ గది కావాలి, పని కావాలి.

నవంబరులో మార్గరెట్ టీ తాగుతూ అడిగింది, నీ స్నేహితురాలు కచ్చితంగా వస్తుందా, వస్తుందంటే ఉంచుతాను అని. "రాదు" అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మంచంలోకీ, ఆ పనిలోకీ సిమ్రన్ వచ్చింది. ఆ వారమే అనసూయక్కకు మెయిలు రాశాను. ఇంటావిడ మంచం వేరే అమ్మాయికి ఇచ్చేసింది, పని కూడా ఆ అమ్మాయికే ఇచ్చారు, ఎంత చెప్పినా వినలేదు అని. రెండు రోజులకు జవాబు వచ్చింది. "పర్వాలేదు లలితా. ఇంకోటి దొరకకపోతదా. నువ్వు మంచిగ తిను, చలిల తిరగకు." ఆమె వెతికింది. కానీ ముక్కూముఖం తెలియని ఊళ్లో, ఉండే చోటూ పనీ లేకుండా పంపేది లేదని ఆమె అన్న అడ్డుపడ్డాడు. జనవరి వచ్చింది, పోయింది. యూనివర్సిటీ సీటు మళ్లీ వాయిదా వేయలేదు. నేను చదువు ముగించాను, రెండేళ్లు అక్కడే పనిచేశాను. మా మధ్య మెయిళ్లు మెల్లగా పండగ శుభాకాంక్షలకు తగ్గి, ఆగిపోయాయి.

రెండువేల ఆరులో హైదరాబాదులో ఉద్యోగం దొరికి తిరిగొచ్చాక ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. బీరంగూడలో అదే గదిలో ఉంది. బొంతపల్లి దగ్గర వేరే ఫ్యాక్టరీకి మారింది. జుట్టు ముందువైపు నెరిసింది. నన్ను చూసి, "ఎంత సన్నబడ్డవే!" అని చేతులు పట్టుకుంది. టీ పెట్టింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఆ ఊరి గురించి, ల్యాబుల గురించి, సముద్రం గురించి అన్నీ అడిగింది.  చివరికి, "అక్కా, ఆ మంచం సంగతి..." అన్నాను.

"తెలుసు" అంది.

నేను గ్లాసు కింద పెట్టాను.

"మార్గరెట్ నాకు మెయిల్ చేసింది. నువ్వు రావంటున్నది నీ దోస్తు, నిజమేనా అని అడిగింది. నిజమే అని రాసిన."

"ఎందుకట్ల రాసినవక్కా?"

"మరేం రాయాలె? పిల్ల అబద్ధమాడిందని రాస్తే ఆమె నిన్నా ఇంట్ల ఉండనిస్తుండెనా? మీ బాపుకు మాటిచ్చిన గద."

"నన్నన్నా అడగకపోతివి."

"అడిగితే ఏం చెప్తుంటివి? ఇంకో అబద్ధం చెప్తుంటివి. నేనే నీతోని చెప్పిచ్చినట్లయితుండె." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో నిష్ఠూరం కోసం నేను వెతికాను. అలసట తప్ప ఏమీ లేదు. లేచి, "ఇగ పో, చీకటిపడితే బస్సులు దొరకవు" అంది. రోడ్డుదాకా వచ్చి, బస్సు కదిలేవరకు నిలబడింది. తరువాత రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఆ నంబరు లేదన్నారు. బీరంగూడ వెళ్తే ఆ గదిలో వేరేవాళ్లున్నారు. ఎక్కడికి వెళ్లిందో వాళ్లకు తెలియదన్నారు.

మంచిగా బతుకుతున్నాను. ఆ చదువే నాకు ఇల్లు కట్టింది, పేరు తెచ్చింది. ఇది మా ఆయనకు చెప్పాను. మా అమ్మాయికీ చెప్పాను. విన్నవాళ్లంతా, చిన్నతనం, పోనిమ్మన్నారు. ఎంతమందికి చెప్పినా తగ్గకపోవడానికి కారణం నాకు తెలుసు. ఆ రోజు ఆమె "తెలుసు" అనగానే నేను ఆగిపోయాను. చెప్పాల్సిన పని తప్పిందని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. నేను అబద్ధం చెప్పాను, నీ చోటు నేనే పోగొట్టాను అన్న ఆ రెండు మాటలు ఆమెకు ముందే తెలుసు. కానీ నా నోట ఆమె వినలేదు.